‘సేకరణ: అంతర్జాలం’ అంటే ఎవరు?

సంపాదకులకు,

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో పాత తమిళ సినిమా పాటల చరిత్ర మీద పెద్ద వ్యాసం వచ్చింది. ఆసక్తిగా చదివాను. చివరికి వస్తే, రచయిత పేరు కింద చిన్న అక్షరాల్లో ‘సేకరణ: అంతర్జాలం’ అని ఉంది. అప్పటి నుంచి ఆ రెండు మాటలు నన్ను పొడుస్తూనే ఉన్నాయి.

ఆ వ్యాసంలోని సంగతులు చాలావరకు నేను ఏనాడో తమిళంలో వామనన్ గారి ‘తిరై ఇసై అలైగళ్’ సంపుటాల్లో చదివినవే. గాయకులు, సంగీత దర్శకుల జీవితాలను ఒక్కొక్కటిగా రాసుకుంటూ వచ్చిన మనిషి ఆయన. గాయకుడు టి.ఎం. సౌందరరాజన్ జీవిత చరిత్ర కూడా రాశారు. అంత పని చేసిన ఆయన పేరు మీ రెండు పేజీల్లో ఒక్కసారైనా కనబడలేదు.

ఈ పని ఎంత కష్టమో మీ విలేకరులకు తెలుసా? ఆ కాలపు టైటిల్స్‌లో నేపథ్య గాయకుల పేర్లన్నీ ఒకే చోట గుదిగుచ్చి వేసేవారు. ఏ పాట ఎవరు పాడారో తేల్చుకోవాలంటే గ్రామఫోను రికార్డు వెతకాలి, పాటల పుస్తకం వెతకాలి, రెండూ దొరక్కపోతే ఆ రోజు వాద్యబృందంలో కూర్చున్న ముసలాయన ఎక్కడున్నాడో కనుక్కుని వెళ్లి అడగాలి. ఆయన పోతే ఆ పాట సంగతి ఆయనతోనే పోతుంది.

మా నాన్నగారి ట్రంకు పెట్టెలో ‘చంద్రలేఖ’ సినిమా పాటల పుస్తకం ఉండేది. పిన్నుల చుట్టూ తుప్పు పట్టి, పేజీ తిప్పితే అంచులు పొడిగా రాలేవి. కథ సగంలో ఆపేసి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఉండేది. 2015 డిసెంబరు వరదల్లో పెట్టె పెట్టెంతా తడిసి ముద్దయింది. ఆరబెడదామని విప్పితే పుస్తకాలన్నీ ఒకే అట్టలా అతుక్కుపోయి ఉన్నాయి. ఆ తరువాత నగరంలోని ఒక గ్రంథాలయానికి వెళ్లి పాత సినిమా పత్రికలు అడిగాను. చోటు చాలక తూకానికి వేసేశామని చెప్పారు. జీతం తీసుకుంటున్న మనిషి ఆ మాట తల ఎత్తకుండా చెప్పాడు!

ఇది తమిళుల గొడవ అని తెలుగు పాఠకులు అనుకోకూడదు. ఆ ‘చంద్రలేఖ’కు 1948లో సంగీతం చేసింది సాలూరి రాజేశ్వరరావు గారు. గాయకుడు పి.బి. శ్రీనివాస్ గారిది కాకినాడ. ‘దేవదాసు’ పని మధ్యలో ఉండగానే 1952లో సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ గారు కన్నుమూస్తే, మిగిలింది విశ్వనాథన్, రామమూర్తి గార్లు పూర్తి చేశారు. 1931 నాటి తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’ తీసింది మన హెచ్.ఎం. రెడ్డి గారు. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే మిగతావారిలో కొందరు తెలుగులో, కొందరు హిందీలో మాట్లాడారు, త్యాగరాజ కీర్తనలూ ఉన్నాయి. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు లేదు. అయినా ఇవన్నీ తెలుస్తున్నాయంటే, ఎవరో పాత పత్రికలు తిరగేసి రాసిపెట్టబట్టే.

ఫిలిం న్యూస్ ఆనందన్ గారు జీవితమంతా పోగుచేసిన ఫొటోలు, వివరాలు తమిళనాడు ప్రభుత్వమైనా తీసుకుంది. ఆయన 2016లో పోయారు. న్యాయశాస్త్రం చదివిన మాడభూషి రంగదురై గారు రాండర్ గై అన్న పేరుతో దశాబ్దాల పాటు పాత సినిమాల గురించి రాసి 2023లో వెళ్లిపోయారు. వేలాది రికార్డులు సేకరించిన వి.ఎ.కె. రంగారావు గారు మనవారే, ఉన్నదీ ఈ చెన్నైలోనే. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ నటుల పేర్ల మీద పురస్కారాలు ప్రకటిస్తాయి, విగ్రహాలు పెడతాయి. పాటల పుస్తకాలు, రికార్డులు, పత్రికలు ఒకచోట చేర్చి తేమ తగలకుండా దాచే గది ఒకటి కట్టాలని ఏ మంత్రికీ తట్టదు. పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికే మూకీలు, తొలి టాకీలు ఎన్నో పోయాయి. ఇప్పుడు కాగితాలు కూడా పోతున్నాయి.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, ఆ వ్యాసానికి ఆధారమైన పుస్తకాలనూ వాటి రచయితలనూ పేర్లతో ప్రకటించండి. ఇకముందు మీ అనుబంధంలో ‘సేకరణ: అంతర్జాలం’ అన్న మాట రానివ్వకండి.

— ఒక పాత చందాదారు, టి. నగర్, చెన్నై