కొండ ఊరికి నీళ్లెక్కడివో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఉత్తరాఖండ్‌లోని లాన్స్‌డౌన్ గురించి వ్యాసం వేశారు. వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏ మలుపు దగ్గర నిలబడితే లోయ బాగా కనిపిస్తుంది, అన్నీ చెప్పారు. ఆ ఊరివాళ్లు తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో మాత్రం ఒక్క ముక్క లేదు. కిందటి మే నెలాఖరులో అక్కడ నాలుగు రోజులు ఉండి వచ్చాను కాబట్టి ఆ ముక్క నేను రాస్తున్నాను.

లాన్స్‌డౌన్ ప్రశాంతత ప్రకృతి ఇచ్చిన వరమని మీ రచయిత మురిసిపోయారు. నా లెక్కలో సగం వరం కంటోన్మెంటుది. కాలూడాండా, అంటే నల్ల కొండ, అని స్థానికులు పిలుచుకునే చోట 1887లో సైన్యం కోసం ఊరు కట్టి, ఆ తరువాత వచ్చిన వైస్రాయి లాన్స్‌డౌన్ పేరు పెట్టారు. గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం నేటికీ అక్కడే ఉంది. ఎవరు పడితే వారు ఎక్కడ పడితే అక్కడ మేడలు లేపడానికి వీల్లేదు. 1,700 మీటర్ల ఎత్తున, 2011 జనాభా లెక్కల ప్రకారం ఆరు వేల లోపు జనంతో ఆ ఊరు అలా మిగిలిందంటే కారణం అదే. కంటోన్మెంటు హద్దు దాటి నాలుగడుగులు వేస్తే కొండవాలు నిండా లాడ్జీలే.

నేను దిగింది అలాంటి ఒక లాడ్జిలోనే. కోట్‌ద్వార్‌లో రైలు దిగి, షేర్ జీపులో 40 కిలోమీటర్ల మలుపులు తిరిగి, సాయంత్రానికి గదికి చేరాను. స్నానానికి షవర్ తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. కిందికి దిగి గట్టిగానే మాట్లాడాను. ఇంత డబ్బు తీసుకుని నీళ్లివ్వరా అన్నాను. కౌంటర్ దగ్గరి కుర్రవాడు ఎదురు చెప్పలేదు. ట్యాంకర్ రేపు పొద్దున వస్తుందని చెప్పి, రెండు బకెట్లు మూడంతస్తులు మోసుకొచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఆ రెండు బకెట్లనూ చూసి కూడా మొహం ముడుచుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున సైనికుల బ్యూగిల్‌కు మెలకువ వచ్చింది. నడకకని బయలుదేరి, కాలిబాట పట్టి కొండవాలున కిందికి దిగాను. అక్కడ రాతిగోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న గొట్టం, దాని ముందు వరుసగా గాగర్లు. గాగర్ అంటే మన బిందె లాంటిదే. మనుషుల బదులు పాత్రలే వరుసలో నిలబడి ఉన్నాయి. వాటికి కాపలాగా ఒకావిడ రాతి మీద కూర్చుని ఉంది. నీటి ధార పెన్సిలంత సన్నం. ఒక గాగర్ నిండేదాకా గడియారం చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది. నిండినదాన్ని పక్కన పెట్టి, తరువాతిది జరిపి, మీది ఏ ఊరని హిందీలో అడిగింది. చెప్పాను. "అక్కడ నీళ్లున్నాయా?" అంది. వ్యంగ్యం లేదు, మామూలుగానే అడిగింది. రాత్రి నా గుమ్మం ముందున్న రెండు బకెట్లు ఆ గొట్టం దగ్గర ఎంతసేపటి నిరీక్షణో లెక్క వేసుకుంటూ పైకి ఎక్కాను.

హిమాలయం అనగానే మంచు కరుగుతుంది, గంగ పారుతుంది, నీళ్లకేం కొదవ అనుకుంటాం. నదేమో లోయ అడుగున ఉంటుంది. మంచు చాలా పైన ఉంటుంది. మధ్య ఎత్తుల్లోని ఊళ్లకు రెండూ అందవు. వాన నీరు కొండలోకి ఇంకి, ఎక్కడో ఒక చోట ఊటగా బయటికి వస్తే దాని పక్కనే ఊరు వెలుస్తుంది. గొట్టంలోంచి పడితే దాన్ని ధారా అంటారు. ఉత్తరాఖండ్ తూర్పు భాగమైన కుమావూ వైపు రాతి మెట్లు కట్టిన ఊట బావిని నౌలా అంటారు. హిమాలయ ప్రాంతంలోని ఇలాంటి ఊటల్లో దాదాపు సగం ఎండుముఖం పట్టాయని 2018లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. వానల తీరు మారింది. నీటిని పట్టి ఉంచే బాంజ్ అడవి, అంటే అక్కడి ఓక్ అడవి, తగ్గింది. రోడ్ల కోసం కొండను తొలిస్తే లోపలి నీటి దారులూ తెగిపోతాయి.

వీటన్నిటిలో మన పాత్ర ఏమిటంటే, తప్పుడు నెలలో వెళ్లడం. ఊట అన్నిటికంటే సన్నగిల్లేది మే, జూన్ నెలల్లో. పర్యాటకులు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. 2018 వేసవిలో షిమ్లాలో రోజుల తరబడి కుళాయిలు ఎండిపోయి, ఇప్పుడు రావద్దని పర్యాటకులను స్థానికులే వేడుకున్నారు. అది రాష్ట్ర రాజధాని కాబట్టి దేశమంతా వార్త అయింది. లాన్స్‌డౌన్ లాంటి చిన్న ఊళ్ల కష్టం ట్యాంకర్‌తో మొదలై ట్యాంకర్‌తోనే ముగుస్తుంది.

అలాగని ఎవరూ వెళ్లొద్దనడం లేదు. 2001, 2011 జనాభా లెక్కల మధ్య ఉత్తరాఖండ్‌లో జనం తగ్గిన జిల్లాలు రెండే, అల్మోడా, పౌడీ గఢ్వాల్. లాన్స్‌డౌన్ ఈ రెండో జిల్లాలోదే. పని లేక ఊళ్లకు ఊళ్లు కిందికి దిగిపోతున్న చోట ఆ లాడ్జి కుర్రవాడి జీతం చిన్న విషయం కాదు. అయితే ఆ జీతం ఆరు వారాల రద్దీ మీదే ఆధారపడాల్సిన పని లేదు. మన దసరా సెలవులు సరిగ్గా వానలు వెళ్లి ఊటలు నిండుగా ఉన్నప్పుడే వస్తాయి. ఆకాశమూ కడిగినట్టు ఉంటుంది. మేలో నేనున్న నాలుగు రోజులూ అడవి మంటల పొగ, దుమ్ము. చౌఖంబా శిఖరం ఒక్కసారి కూడా కనబడలేదు. అంత దూరం వెళ్లి నేను చూసింది బూడిద రంగు ఆకాశం. భుల్లా తాల్ చెరువు దగ్గరైతే స్పీకర్ల మోత. అందులో ఒకటి మన పాటే కావడంతో ఎవరైనా గుర్తుపడతారేమోనని పక్కకు తప్పుకున్నాను.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఊటీ, కొడైకెనాల్‌లకు 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. మరుసటి వేసవికి రోజుకు ఇన్ని వాహనాలే అని పరిమితి కూడా వచ్చింది. హిమాలయ పట్టణాలకూ ఇది అవసరమే. కాకపోతే ఆ పరిమితిని రోడ్డు వెడల్పును బట్టో, పార్కింగ్ చోటును బట్టో కాక, జూన్ నెలలో ఊట ఎంత ఇస్తుందో కొలిచి పెట్టాలని నా అభిప్రాయం. సొంత కార్లను కోట్‌ద్వార్‌లోనే ఆపి, పైకి బస్సులు నడపవచ్చు. వచ్చినవాళ్ల దగ్గర కొంత రుసుము వసూలు చేసి ఊటల మీదే ఖర్చు పెట్టవచ్చు. సిక్కిం 2008 నుంచి ధారా వికాస్ పేరుతో చేస్తున్న పని అలాంటిదే. ఊటకు ఎగువన కొండవాలులో కందకాలు తవ్వి, వాన నీటిని లోపలికి ఇంకనిస్తారు. అందులో అర్థం కాని విద్య ఏమీ లేదు.

ఇక మీతో నా పని. మీ వ్యాసాల చివర ఒక పెట్టె ఉంటుంది, రైళ్లు, గదులు, దూరాలు అంటూ. వచ్చేసారి ఏ కొండ ఊరి గురించి వేసినా, అందులో ఇంకొక వరుస చేర్చండి. ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ నెలల్లో కొరత అని. చోటు చాలకపోతే ఫొటో ఒకటి తగ్గించండి.

ఇట్లు,
మీ పాఠకుడు