ఫారం 22 రాయడం ఎక్కడ నేర్చుకోవాలి? – మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి సీతక్క గారికి,

నమస్కారం.

నేను హనుమకొండలో పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగిని. ఎమ్మెస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) పూర్తిచేసి పదకొండేళ్లయింది. ఏటా నలుగురైదుగురు ఎమ్మెస్‌డబ్ల్యూ విద్యార్థులు మా దగ్గరికి ఫీల్డ్‌వర్క్‌కు వస్తారు. కాలేజీ లెక్కలో నేను వాళ్లకు ఏజెన్సీ సూపర్‌వైజర్‌ని, అంటే వాళ్లు పని నేర్చుకునే సంస్థ తరఫున చూసుకునే మనిషిని. ఈ పనికి జీతమేమీ ఉండదు, ఏడాది చివర శాలువా ఒకటి కప్పుతారు. ఇంట్లో ఆరు శాలువాలు పోగయ్యాయి. చలికాలంలో పనికొస్తున్నాయి, కాదనను.

మీరు గొత్తికోయ ఆదివాసుల బతుకుల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి 2022లో డాక్టరేట్ తీసుకున్నారు. ఊరికి పోయి, మనుషుల మధ్య కూర్చుని, విన్నది రాసుకోవడం ఎంత కష్టమో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం. ఆపదలో ఉన్న పిల్లల ఇంటి పరిస్థితి తెలుసుకుని రాసే ఫారం 22 అనే నివేదికను సరిగ్గా రాయడం మా విద్యార్థులకు నేర్పే ఏర్పాటు చేయమని అడగడానికి.

నేను ఎమ్మెస్‌డబ్ల్యూలో చేరానని తెలిసినప్పుడు మా పెద్దనాన్న "సమాజసేవకు చదువెందుకే, మనసుంటే చాలదా?" అన్నాడు. ఆయనను తప్పుపట్టలేం. ఏ చౌరస్తాలో చూసినా ఫ్లెక్సీ మీద "ప్రముఖ సంఘ సేవకులు" కనిపిస్తారు. నాయకుడి పుట్టినరోజుకు దవాఖానలో అరటిపండ్లు పంచినా సంఘసేవే, చలివేంద్రం పెట్టినా సంఘసేవే. చెడ్డ పనులని అనడం లేదు. కానీ ఇల్లు వదిలి వచ్చి కాజీపేట ప్లాట్‌ఫాం మీద పడుకున్న పదేళ్ల పిల్లాణ్ని మాట్లాడించి, వాడి ఊరు తెలుసుకుని, ఆ ఇంటికి పంపితే వాడికి మంచిదా చెడ్డదా అని తేల్చడం అరటిపండ్ల పని కాదు. దానికి శిక్షణ కావాలి. మన దేశంలో ఆ శిక్షణ 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట పెట్టిన స్కూల్‌తో మొదలైంది. ఇవాళ టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నది దాన్నే. పిల్లలు ఆపదలో ఉంటే ఫోన్ చేసే, అందరికీ నోటికొచ్చిన 1098 చైల్డ్‌లైన్ కూడా 1996లో ఆ సంస్థ ఫీల్డ్ ప్రాజెక్టుగానే పుట్టింది. మన ఉస్మానియాలో, కాకతీయలో చదువుతున్న పిల్లలు చేస్తున్నదీ ఆ చదువే.

రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో పని), గ్రూప్‌వర్క్ (బృందాలతో పని), కమ్యూనిటీ ఆర్గనైజేషన్ (ఊరిని, బస్తీని కూడగట్టడం), రీసెర్చ్ తరగతి గదిలో చెబుతారు. వారానికి రెండు రోజులు మాత్రం తరగతి ఉండదు, ఫీల్డ్‌కు పోవాలి. పోయొచ్చి చూసింది, విన్నది, తాను అన్నది అంతా రాయాలి. ఆ రాతను ముందు పెట్టుకుని సూపర్‌వైజర్ ప్రశ్నలు వేయాలి. నన్నడిగితే ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే ఆ రెండు రోజులే. మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది.

మొన్న పత్తి సీజన్‌లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మొదటి సెమిస్టర్ కుర్రాడు, మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చినవాడు. ఏడో తరగతి పిల్లాడొకడు మూడు వారాలుగా బడికి రావడం లేదని టీచర్ చెబితే ఇంటికి పంపాను. సాయంత్రానికి రిపోర్టు తెచ్చాడు. "తండ్రి మద్యపానం. తల్లి నిర్లక్ష్యం. బాలుడికి కౌన్సెలింగ్ ఇచ్చాను." మూడు వాక్యాలు, ఎర్ర స్కెచ్‌పెన్నుతో అండర్‌లైన్.

"కౌన్సెలింగ్ అంటే ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"బడికి పోవాలె, మంచిగ చదువుకోవాలె అని చెప్పిన మేడం."

"వాడేమన్నడు?"

"ఏం అనలే. తల ఊపిండు."

"అప్పుడు వాడి చేతుల్ల ఏముంది?"

కాసేపు ఆలోచించాడు. "చిన్నపాప ఉండె మేడం. ఎత్తుకొని ఉండె."

ఆ పాప రిపోర్టులో లేదు. మళ్లీ పొమ్మన్నాను, ఈసారి తెల్లారకముందే. రెండో రిపోర్టు పదకొండు పేజీలు వచ్చింది. తల్లి చీకటితోనే ఎనుమాముల మార్కెట్‌కు కూలికి పోతుంది. పాపకు ఏడాదిన్నర. అంగన్‌వాడీలో బాలామృతం ప్యాకెట్ ఇస్తారు గానీ, ఆ వయసు పిల్లను పగలంతా ఉంచుకోరు. తండ్రి తాగుతాడన్నది నిజమే, కానీ బడి మానడానికి కారణం అది కాదు. సీజన్ అయిపోయేదాకా పాపను ఎవరో ఒకరు పట్టుకోవాలి, ఇంట్లో మిగిలింది వాడే. తల్లిది నిర్లక్ష్యం కాదు, లెక్క. ఆమె కూలీ ఆగితే పొయ్యి ఆగుతుంది.

మొదటి రిపోర్టుకూ రెండో రిపోర్టుకూ మధ్య వారం రోజులు పట్టింది. ఆ వారంలో ఆ కుర్రాడు నేర్చుకున్నదే శిక్షణ. పక్కన కూర్చుని "చేతుల్ల ఏముంది?" అని అడిగే మనిషి లేకపోతే ఆ మూడు వాక్యాలే ఫైల్లోకి పోయేవి.

ఫైల్లోకి పోతే ఏమవుతుందో మీ శాఖకు బాగా తెలుసు. 2015 బాలల న్యాయ చట్టం కింద రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల గురించి సామాజిక దర్యాప్తు నివేదిక 15 రోజుల్లో జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీకి అందాలి. మన వాడుకలో ఫారం 22. చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లలకైతే ఫారం 6, దానికి రెండు వారాల గడువు. ఇంటి పరిస్థితి ఏమిటి, తల్లిదండ్రుల సంగతేమిటి, పిల్లాడు ఏం కోరుకుంటున్నాడు అన్నవన్నీ అందులో ఉంటాయి. పిల్లాణ్ని ఇంటికి పంపాలా, బాలల హోమ్‌లో ఉంచాలా అని తేల్చేవాళ్లు ఆ పిల్లాడి ఇల్లు చూసి ఉండరు, ఆ కాగితాన్నే చూస్తారు. "తండ్రి మద్యపానం, తల్లి నిర్లక్ష్యం" అని రాసి ఉంటే పిల్లాడు హోమ్‌కు పోతాడు. పాప సంగతి ఎవరికీ తెలియదు.

అందుకే ఈ కాగితం రాసేవాళ్లు ఎక్కడ తయారవుతున్నారో చూడమని అడుగుతున్నాను. విద్యార్థుల్లో చాలామందికి ఫీల్డ్‌వర్క్ ప్రభుత్వ హోమ్‌లలో, ఆఫీసుల్లో, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాల్లో పడుతుంది. పడాలి కూడా, రేపు పనిచేయాల్సింది అక్కడే. కానీ అక్కడికి పోయిన పిల్లలకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "కంప్యూటర్ వచ్చా?" వచ్చంటే ఇక వాళ్ల సెమిస్టర్ కంప్యూటర్ ముందే. నా దగ్గరికి రెండో ఏడు వచ్చిన ఒక అమ్మాయి మొదటి ఏడాదంతా ఒక ఆఫీసులో తల్లుల ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు యాప్‌లోకి ఎక్కించింది. ఒక్క తల్లితోనూ మాట్లాడలేదు. అయినా రికార్డు మీద సంతకాలున్నాయి, బ్యానర్ పట్టుకుని దిగిన ఫొటోలున్నాయి, మార్కులు కూడా మంచిగానే పడ్డాయి. ఆ ఆఫీసు వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. సిబ్బంది చాలక, ఉన్నవాళ్లు పొద్దస్తమానం రిపోర్టులు పంపడంలోనే మునిగి ఉంటారు. చేతికి దొరికిన పిల్లలను వాడుకున్నారు. విద్యార్థికి నేర్పడం ఫలానావారి పని అని ఎక్కడా రాసి లేదు, కాబట్టి ఎవరూ నేర్పలేదు.

నేను అడిగే మొదటి పని ఇదే, ఖర్చు లేనిది. మీ శాఖ కింద విద్యార్థులను తీసుకునే ప్రతిచోటా ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన ఒక ఉద్యోగిని పేరు పెట్టి సూపర్‌వైజర్‌గా నియమించండి. వారానికి ఒక గంట విద్యార్థి రాసింది చదివి, ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఆ ఉద్యోగి డ్యూటీలో భాగం చేయండి. అలాంటి ఉద్యోగి లేని చోటికి విద్యార్థులను పంపకండి. డేటా ఎంట్రీ చేయించొద్దని ఆ ఉత్తర్వులోనే ఒక లైను చేర్చండి.

రెండోదానికి కొంచెం ఖర్చుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు బాధ తప్పింది, ఇందుకు మీ ప్రభుత్వానికి నిజంగా దండం పెట్టాలి. కానీ బస్సు దిగాక ఆటో ఉంది. బస్సు పోని తండాలున్నాయి. మగపిల్లలకు బస్సు ఖర్చు, ఆటో ఖర్చు రెండూ ఉన్నాయి. మా పత్తి సీజన్ కుర్రాడికి ఫీల్డ్ రోజున రానూపోనూ తొంభై రూపాయలయ్యేది. సెమిస్టర్‌కు ముప్పై రోజులనుకుంటే 2,700. వాళ్ల ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. మధ్యాహ్నం తిన్నావా అంటే తిన్నానంటాడు, తినలేదని మొహం చెబుతుంది. చివర్లో నెల రోజుల బ్లాక్ ప్లేస్‌మెంట్‌కు, అంటే తరగతులు లేకుండా ఒకేచోట ఉండి పనిచేయడానికి, వేరే ఊరు పోవాలంటే గది అద్దె కూడా తోడవుతుంది. అందుకని చాలామంది నేర్చుకునే చోటు కాకుండా ఇంటికి దగ్గరి చోటు ఎంచుకుంటారు. హౌస్‌సర్జన్లకు స్టైపెండ్ ఇస్తున్నాం కదా. అంత అడగను. ఫీల్డ్‌కు పోయిన రోజుకు దారి ఖర్చు, ఒక పూట భోజనం లెక్కగట్టి ఇవ్వండి, చాలు.

మూడోది ఉద్యోగాల సంగతి. ఇది రాస్తుంటే కొంచెం కోపమొస్తుంది, మన్నించండి. పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో "సోషల్ వర్కర్" అనే పోస్టు ఉంది. నెలకు 18,536 రూపాయలు, కాంట్రాక్టు. డిగ్రీ చాలు, సోషల్ వర్క్‌లోనో సోషియాలజీలోనో అయితే మంచిదట. పోస్టు పేరే సోషల్ వర్కర్, అందులో సోషల్ వర్క్ చదువు మాత్రం "అయితే మంచిది". ఇంకో విచిత్రం చూడండి. చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చోవాలని 2015 చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. వాళ్లకు పిల్లల ఆరోగ్య, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్ల పని ఉండాలి, లేదా బాలల మనస్తత్వశాస్త్రం, సైకియాట్రీ, సోషియాలజీ, లా డిగ్రీతో వృత్తిలో ఉండాలి. ఆ వరుసలో సోషల్ వర్క్ డిగ్రీ లేదు! బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి వచ్చేసరికి ఉంది. బోర్డుకు ఎందుకు మరిచారో రాసినవాళ్లకే తెలియాలి. లాయర్లకు బార్ కౌన్సిల్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నాయి. మాకు అలాంటి సొంత కౌన్సిల్ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆసుపత్రుల్లో పనిచేసే మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను తన కిందికి తీసుకుంది. పిల్లలతో, బస్తీల్లో పనిచేసేవాళ్లు దాని బయటే ఉండిపోయారు.

కేంద్ర చట్టాన్ని మార్చడం మీ చేతిలో లేదు. జిల్లాల్లో ఈ పోస్టులు భర్తీ చేసేటప్పుడు ఎవరికి మొదట పిలుపు వెళ్లాలో చెప్పడం మీ చేతిలో ఉంది. సోషల్ వర్కర్, కౌన్సెలర్ పోస్టులకు ఎమ్మెస్‌డబ్ల్యూ వాళ్లను ముందు పిలవండి, వాళ్లు దొరకకపోతేనే మిగతావాళ్లను తీసుకోండి. ఇప్పుడు తెలివైన పిల్లలు రెండో ఏడు రాగానే లేబర్ వెల్ఫేర్ స్పెషలైజేషన్ తీసుకుని కంపెనీల హెచ్ఆర్‌కు పోతున్నారు. పోరా మరి? అక్కడ చదివినదానికి లెక్క ఉంది. 500 మంది, అంతకుమించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948లోనే చట్టంలో రాశారు.

మీ శాఖది కాని విషయం ఒక్కటి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే ఎమ్మెస్‌డబ్ల్యూ తర్వాత ఆ సబ్జెక్టులో రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. దేశంలో ఎంఫిల్‌నే తీసేశారు. ఈ కోర్సుకు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా యూజీసీ గడువు పొడిగించింది. చట్టం అడిగే చదువుకు దారి మూసుకుపోకుండా చూడమని వైద్యారోగ్య శాఖ మంత్రి గారితో మీరు ఒక మాట అనగలిగితే సంతోషం.

మా కుర్రాడి దగ్గరికి వస్తాను. పదకొండు పేజీల రిపోర్టు చివర "సూచనలు" అనే శీర్షిక కింద, అండర్‌లైన్ లేకుండా, వాడు ఒక ప్రశ్న రాశాడు: "మార్కెట్ దగ్గర, పత్తి సీజన్ నెలల్లోనైనా, మూడేళ్లలోపు పిల్లలను తెల్లవారుజాము నుంచి చూసుకునే శిశుకేంద్రం పెట్టవచ్చా? ఎవరిని అడగాలి?"

సూచనల్లో ప్రశ్నలు రాయకూడదని నియమం. ఆ వారం నేను దాన్ని కొట్టేయలేదు. ఎవరిని అడగాలన్నది నాకు తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పిల్లాడు సీజన్ అయ్యాక బడికి పోయాడు. వచ్చే సీజన్‌కు పాపకు ఇంకా మూడేళ్లు నిండవు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక ఫీల్డ్ సూపర్‌వైజర్,
హనుమకొండ