ఎంత వేగంగా, ఎంత మేరకు: పాపకు ఒక ఉత్తరం

చిత్తూరు

చిరంజీవి పాపకు,

నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తిరుపతి హాస్టల్లో నీవు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీవు రాసిన ప్రశ్నను రెండు మూడు సార్లు చదువుకున్నాను. ఉష్ణోగ్రత పెంచితే దాదాపు ఏ చర్యకైనా వేగం పెరుగుతుందని ఈ ఏటి రసాయన గతిశాస్త్రం పాఠం చెబుతోంది. అమ్మోనియా తయారీలో ఉష్ణోగ్రత పెంచితే దిగుబడి తగ్గుతుందని పోయిన ఏడాది సమతాస్థితి పాఠం చెప్పింది. ఈ రెండూ ఏకకాలంలో ఎట్లా నిజమవుతాయని అడిగావు. ఇది మంచి ప్రశ్న, పాప. ఒక పాఠం జూనియర్ ఇంటర్ పుస్తకంలో, మరొకటి సీనియర్ ఇంటర్ పుస్తకంలో ఉండడం వల్ల చాలామంది పిల్లలు రెండింటినీ వేర్వేరుగా బట్టీపట్టి, వేర్వేరుగా మార్కులు తెచ్చుకొని, వాటిని ఎదురెదురుగా పెట్టి చూడకుండానే పరీక్ష దాటిపోతారు. నీవు ఎదురెదురుగా పెట్టి చూశావు. ఫోనులో చెప్పి ముగించగలిగిన విషయం కాదు గనుక, పెన్సిలు పట్టుకొని నిదానంగా చదువుకునేలా కాగితం మీద రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి గట్టిగా పట్టుకో. ఒక చర్య ఎంత వేగంగా జరుగుతుంది అన్నది ఒక ప్రశ్న, ఎంత మేరకు జరుగుతుంది అన్నది మరొక ప్రశ్న. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను ఒక గాజు పాత్రలో కలిపి గది ఉష్ణోగ్రత వద్ద ఉంచితే, ఎంత మేరకు అన్న ప్రశ్నకు దాదాపు మొత్తం నీరుగా మారాలన్నదే జవాబు. అయినా నిప్పురవ్వో, ప్లాటినం వంటి ఉత్ప్రేరకమో తగలనంత వరకు ఏళ్ళ తరబడి ఏమీ జరిగినట్టు కనిపించదు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేది ఉత్తేజన శక్తి, అంటే చర్య జరగాలంటే అణువులకు ఉండవలసిన కనీస శక్తి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది క్రియాజనకాలకూ (చర్యలో పాల్గొనే పదార్థాలకూ) క్రియాజన్యాలకూ (చర్యలో ఏర్పడే పదార్థాలకూ) మధ్య ఉండే తేడా. నీకు వచ్చిన చిక్కు ఈ రెండు ప్రశ్నలనూ ఉష్ణోగ్రత ఒక్కటే ఒకేసారి తాకడం వల్ల వచ్చింది.

వేగం సంగతి చూద్దాం. అణువులు ఒకదానితో ఒకటి ఢీకొంటేనే చర్య జరుగుతుంది; అయితే ఢీకొన్న ప్రతిసారీ జరగదు, ఉత్తేజన శక్తికి తగినంత శక్తి ఉన్న అభిఘాతం (ఢీకొనడం), సరైన దిశలో జరిగినప్పుడే ఫలిస్తుంది. పది డిగ్రీల ఉష్ణోగ్రత పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపు అవుతుందని పుస్తకంలో ఉంది కదా, అందుకు కారణం అణువులు ఎక్కువసార్లు ఢీకొనడమే అని చాలామంది రాస్తారు. లెక్క వేసి చూడు. సగటు వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది గనుక, 300 కెల్విన్ నుంచి 310 కెల్విన్‌కు వెళితే అణువుల వేగం నూటికి రెండు పాళ్ళు కూడా పెరగదు. అంత చిన్న పెరుగుదల రెట్టింపును వివరించలేదు. ఉత్తేజన శక్తి మోలుకు 53 కిలోజౌళ్ళు ఉన్న చర్యను తీసుకొని, 1889లో అరీనియస్ ఇచ్చిన సమీకరణంలోని ఘాతాంక పదాన్ని లెక్కగట్టు: 300 కెల్విన్ వద్ద వెయ్యి కోట్ల అభిఘాతాలలో సుమారు 6 మాత్రమే ఆ శక్తిని అందుకుంటాయి, 310 కెల్విన్ వద్ద సుమారు 12 అందుకుంటాయి. రెట్టింపైనది అభిఘాతాల సంఖ్య కాదు, శక్తి చాలిన అభిఘాతాల సంఖ్య. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాసిన పేపరుకూ రాయని పేపరుకూ చాలా తేడా ఉంటుంది.

ఇదే లెక్కను ఉత్తేజన శక్తి 100 కిలోజౌళ్ళుగా తీసుకొని మళ్ళీ చేస్తే, అదే పది డిగ్రీలకు వేగం రెండింతలు కాదు, మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే ఉత్తేజన శక్తి ఎంత ఎక్కువైతే ఆ చర్య వేడికి అంత ఎక్కువగా స్పందిస్తుంది. నీ ప్రశ్నకు తాళంచెవి ఇదే. దీనిని ఎర్ర సిరాతో రాసుకో.

ఈ సూత్రం మీదనే మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుస్తోందంటే నీవు నమ్ముతావో లేదో. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరే రోజుల్లో, మా ల్యాబులో మేము చూసుకునే ముఖ్యమైన విషయం గుజ్జును ఎంత వేడి మీద, ఎంతసేపు ఉంచాలన్నదే. గుజ్జును వేడి చేసినప్పుడు అందులో రెండు రకాల మార్పులు పక్కపక్కనే సాగుతాయి. సూక్ష్మజీవులు నశించడం మనకు కావలసిన మార్పు. రంగు ముదరడం, వాసన పోవడం, విటమిన్ సి తగ్గడం మనకు అక్కరలేని మార్పు. సూక్ష్మజీవుల నాశనానికి ఉత్తేజన శక్తి సాధారణంగా 200 కిలోజౌళ్ళకు పైబడి ఉంటుంది. రంగు, విటమిన్ల నష్టానికి అంతకన్నా చాలా తక్కువగా, వందకు అటూ ఇటూగా ఉంటుంది. మొదటిదానికి 250, రెండోదానికి 100 అని తీసుకొని 80 డిగ్రీల సెల్సియస్ నుంచి 90 డిగ్రీలకు వెళ్ళి చూడు. సూక్ష్మజీవుల నాశనం పది రెట్లు వేగవంతమవుతుంది, రంగు చెడడం రెండున్నర రెట్లు మాత్రమే పెరుగుతుంది. కాబట్టి పది డిగ్రీలు పెంచి, వేడి చేసే సమయాన్ని పదో వంతుకు తగ్గిస్తే, సూక్ష్మజీవులు మునుపటంతే నశిస్తాయి, రంగుకు జరిగే నష్టం మాత్రం పాతదానిలో నాలుగో వంతుకు దిగుతుంది. ఎక్కువ వేడి మీద కొద్దిసేపు ఉంచి వెంటనే చల్లబరచడమన్న పద్ధతి వెనుక ఉన్న లెక్క ఇది. వేడి చేస్తే రెండు మార్పులూ వేగవంతమయ్యాయి, కానీ సమానంగా కాలేదు.

ఇప్పుడు ద్విగత చర్య, అంటే ముందుకూ వెనక్కూ సాగే చర్య, దగ్గరికి రా. పురోగామి చర్య జరిగే పాత్రలోనే తిరోగామి చర్య కూడా జరుగుతూ ఉంటుంది. మొదట క్రియాజనకాలు ఎక్కువగా ఉంటాయి గనుక ముందుకు పోయే వేగం ఎక్కువ. క్రియాజన్యాలు పోగయ్యే కొద్దీ వెనక్కి వచ్చే వేగం పెరిగి, రెండూ సమానమైన చోట గాఢతలు నిలకడపడతాయి; సమతాస్థితి అంటే ఇదే. మీ తిరుపతిలో ఘాట్ రోడ్లు రెండున్నాయి కదా, కొండ ఎక్కేందుకు ఒకటి, దిగేందుకు ఒకటి. గంటకు ఎక్కేవారూ దిగేవారూ సమానంగా ఉన్నంతసేపు కొండ మీది జనసంఖ్య మారదు, మనుషులు మాత్రం మారుతూనే ఉంటారు. అణువుల విషయంలో ఇది ఊహ కాదు, ప్రయోగంతో తేలిన సంగతి. సమతాస్థితికి వచ్చిన అమ్మోనియా మిశ్రమాన్నీ, హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) వాడి అదే విధంగా సమతాస్థితికి తెచ్చిన మరొక మిశ్రమాన్నీ కలిపి కొంతసేపు ఉంచితే, అమ్మోనియా మొత్తం పరిమాణం మారకపోయినా, ఒక డ్యుటీరియం, రెండు డ్యుటీరియంలు ఉన్న అమ్మోనియా అణువులు కొత్తగా కనిపిస్తాయి. చర్య ఆగిపోయి ఉంటే అవి పుట్టే వీలు లేదు. ఈ సమతాస్థితిని 1864లో నార్వే దేశస్థులు గుల్డ్‌బర్గ్, వాగె గణితంగా మలిచారు. వారిద్దరూ బంధువులు, బావామరుదుల వరుస.

పాత్ర మూసి ఉండాలన్న షరతును మరచిపోకు. సున్నపురాయిని మూసిన పాత్రలో కాలిస్తే కొంతవరకు విఘటనం చెంది ఆగుతుంది. సున్నపు బట్టీలో కార్బన్ డయాక్సైడ్ పైనుంచి వెళ్ళిపోతూ ఉంటుంది గనుక వెనక్కి రావడానికి వాయువే దొరకక, రాయి అంతా సున్నమవుతుంది.

ఈ రెండు విషయాలనూ ఇప్పుడు ఒకచోటికి చేర్చు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి రెండు మోళ్ళ అమ్మోనియా ఏర్పడినప్పుడు సుమారు 92 కిలోజౌళ్ళ ఉష్ణం వెలువడుతుంది. శక్తి పటం గీసి చూడు: అమ్మోనియా నైట్రోజన్, హైడ్రోజన్‌ల కన్నా 92 కిలోజౌళ్ళు కింద ఉంది, దాటవలసిన శిఖరం మాత్రం రెండు వైపులకూ ఒక్కటే. అందువల్ల వెనక్కి వచ్చే చర్య ఎక్కవలసిన ఎత్తు, ముందుకు పోయే చర్య ఎక్కవలసిన ఎత్తు కన్నా 92 కిలోజౌళ్ళు ఎక్కువ. ఉత్ప్రేరకం తలం మీద ఈ చర్య పలు అంచెలుగా జరిగినా, మొదటికీ చివరికీ ఉన్న ఈ తేడా మారదు. ఎర్ర సిరాతో రాసుకున్న వాక్యాన్ని ఇక్కడ వర్తింపజేయి. ఉష్ణోగ్రత పెంచితే రెండు వేగాలూ పెరుగుతాయి, కానీ ఉత్తేజన శక్తి ఎక్కువ ఉన్న తిరోగామి చర్య మరింతగా పెరుగుతుంది. ఆ మేరకు అమ్మోనియా విడిపోయి, తక్కువ అమ్మోనియా ఉన్న చోట రెండు వేగాలూ మళ్ళీ సమానమవుతాయి. వేగం పెరిగిందన్న మాటా నిజమే, దిగుబడి తగ్గిందన్న మాటా నిజమే. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థలో ఏదైనా మార్పు చేస్తే, ఆ మార్పును తగ్గించే దిశగా సమతాస్థితి జరుగుతుందని లీ చాటెలియర్ 1884లో చెప్పిన సూత్రాన్ని చాలామంది వ్యవస్థ మనకు ఎదురు తిరుగుతుందన్నట్టుగా చదువుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అణువుకు ఎదురు తిరిగే ఉద్దేశం ఉండదు, దానికి ఉన్నదల్లా ఎక్కవలసిన ఎత్తు.

ఉత్ప్రేరకం సంగతి కూడా ఇదే పటంతో తేలిపోతుంది. అది శిఖరాన్ని తగ్గిస్తుంది, అంటే రెండు వైపుల ఉత్తేజన శక్తీ సమానంగా తగ్గుతుంది, రెండు వేగాలూ ఒకే గుణకంతో పెరుగుతాయి, సమతాస్థితి ఉన్నచోటే ఉంటుంది. ఎసిటిక్ ఆమ్లం, ఇథైల్ ఆల్కహాల్ ఒక్కొక్క మోలు కలిపితే చివరకు మూడింట రెండు వంతుల మోలు ఎస్టరే ఏర్పడుతుంది. ఒక మోలు ఎస్టర్, ఒక మోలు నీటితో మొదలుపెట్టినా అదే చోటికి చేరుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేసి వేడి చేస్తే గంటల్లో చేరుతుంది, వేయకుండా గది ఉష్ణోగ్రత వద్ద వదిలేస్తే ఎంతో కాలం పడుతుంది. సమతాస్థితి స్థిరాంకం (సమతాస్థితిలో క్రియాజన్యాల గాఢతల లబ్ధాన్ని క్రియాజనకాల గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) మాత్రం రెండు సందర్భాలలోనూ సుమారు 4. సమతాస్థితిలో రెండు వైపుల పదార్థాలు సమానంగా ఉంటాయని ఎవరైనా అంటే ఈ ఉదాహరణే చూపించు; సమానంగా ఉండేది వేగాలు.

పీడనం కూడా రెండు వేగాల లెక్కే. ఘనపరిమాణాన్ని సగం చేస్తే అన్ని గాఢతలూ రెట్టింపవుతాయి. గుల్డ్‌బర్గ్, వాగెల పద్ధతిలో వేగం గాఢతల లబ్ధానికి అనుపాతంలో ఉంటుంది గనుక, అమ్మోనియా చర్యలో ఎడమవైపు నాలుగు అణువులున్న పురోగామి చర్య 16 రెట్లు, కుడివైపు రెండు అణువులున్న తిరోగామి చర్య 4 రెట్లు పెరుగుతాయి. మిగిలింది నీవే చెప్పగలవు.

ఇన్ని తెలిసినా ఫ్యాక్టరీ కట్టడం సులభం కాలేదు. లీ చాటెలియర్ తానే 1901లో అధిక పీడనంతో అమ్మోనియా తయారీకి ప్రయత్నించి, పరికరంలో గాలి చేరి పేలుడు జరగడంతో విరమించుకున్నాడు. జర్మన్ శాస్త్రవేత్త హేబర్ 1909లో ఆస్మియం ఉత్ప్రేరకంతో ప్రయోగశాలలో చేసి చూపించాడు. బాష్ దానిని పరిశ్రమ స్థాయికి పెంచగా, 1913లో జర్మనీలోని ఒప్పావులో ఫ్యాక్టరీ మొదలైంది. ఆ ఫ్యాక్టరీలో వాడింది చౌకగా దొరికే ఇనుము ఆధారిత ఉత్ప్రేరకం. 200 అట్మాస్ఫియర్ల వద్ద సమతాస్థితి మిశ్రమంలో అమ్మోనియా 400 డిగ్రీల సెల్సియస్‌కు మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, 500 డిగ్రీలకు ఐదో వంతు కన్నా తక్కువ. ఇంకా చల్లగా ఉంచితే దిగుబడి బాగుంటుంది, కానీ ఇనుము మీద కూడా చర్య నత్తనడక నడుస్తుంది. అందుకే సుమారు 450 డిగ్రీల వద్ద రాజీపడి, ఒక్క దఫాలో సుమారు 15 శాతం మాత్రమే మారినా సరిపెట్టుకొని, అమ్మోనియాను చల్లబరచి ద్రవంగా వేరుచేసి, మిగిలిన వాయువులను మళ్ళీ లోపలికి పంపుతారు. మన మామిడి తోటలకు వేసే యూరియా ఈ అమ్మోనియా నుంచే వస్తుంది.

మీ కాలేజీ ల్యాబులో అవకాశముంటే రెండు ప్రయోగాలు చూడు. తెల్ల కాగితం మీద అడ్డంగా నిలువుగా గీతలు గీసి, దాని మీద పెట్టిన ఫ్లాస్కులో సోడియం థయోసల్ఫేట్ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే, గంధకం ఏర్పడి ఆ గుర్తు కనుమరుగవుతుంది. థయోసల్ఫేట్ గాఢతను మారుస్తూ పట్టిన కాలాన్ని రాసుకొని, కాలానికి బదులు దాని వ్యుత్క్రమాన్ని (ఒకటిని కాలంతో భాగిస్తే వచ్చేదాన్ని) గ్రాఫులో పెట్టు, సరళరేఖకు దగ్గరగా వస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది, కిటికీలు తెరిచి ఉంచమను. రెండోది, నైట్రోజన్ డయాక్సైడ్ నింపి మూసిన గాజు గొట్టం. అది విషవాయువు గనుక మీ సార్ చూపిస్తేనే చూడు. వేడినీటిలో ముంచితే గోధుమరంగు ముదురుతుంది, మంచులో ముంచితే పాలిపోతుంది, ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ మళ్ళీ అట్లాగే జరుగుతుంది. గొట్టంలో గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు రెండేసి కలిసి రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అవుతూ, అది మళ్ళీ విడిపోతూ ఉంటుంది; అలా విడిపోవడానికి సుమారు 57 కిలోజౌళ్ళు కావాలి. ఏ దిశలోని చర్యకు ఉత్తేజన శక్తి ఎక్కువో ఆ సంఖ్య నుంచే చెప్పు.

చివరగా ఒక లెక్క పంపుతున్నాను. సల్ఫర్ డయాక్సైడ్ రెండు మోళ్ళు, ఆక్సిజన్ ఒక మోలు కలిసి సల్ఫర్ ట్రయాక్సైడ్ రెండు మోళ్ళు అవుతుంది. సుమారు 198 కిలోజౌళ్ళు వెలువడతాయి. ఇక్కడా అణువుల సంఖ్య తగ్గుతోంది గనుక పీడనం పెంచితే లాభమే, అయినా పరిశ్రమలో ఒకటి రెండు అట్మాస్ఫియర్లతోనే, వెనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకంతో, సుమారు 450 డిగ్రీల వద్ద నడుపుతారు. పీడనం దగ్గర ఎందుకు ఆగారో, ఉష్ణోగ్రత ఇంకా ఎందుకు తగ్గించలేదో రాయి. లీ చాటెలియర్ పేరు ఎత్తకుండా, రెండు వేగాలతో, శక్తి పటంతో మాత్రమే వివరించు. పటాన్ని స్కేలుతో గీసి, 198 ఎక్కడ వస్తుందో గుర్తించి పంపు.

ఇట్లు,
నాయన