మంత్రి గారూ, మా పిల్లల క్యాంపుకు తాళం ఎందుకు పడ్డదో మీరే చెప్పండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం సార్. దేవరకొండ వైపు ఊర్లల్ల, తండాలల్ల ఎండాకాలం సెలవుల పిల్లల క్యాంపు నడిపే వలంటీర్లల్ల నేనొకణ్ణి. క్యాంపు గురించి మీకు మళ్ళీ మొదటి నుంచి చెప్పే పని లేదు, నిరుడు ఆఖరు రోజు మీరే వచ్చిన్రు. మోదుగు పూల రంగేసిన కండువా పిల్లలు మీ మెడల వేస్తే అది తీయకుండనే మైకు పట్టుకొని, ఇసొంటి క్యాంపు ప్రతి మండలంల ఉండాలె, వచ్చే ఏడు బిల్డింగు, భోజనం, బస్సు అన్నీ మేమే చూస్తం అని చెప్పిన్రు. ఆ మాట మీద నమ్మకంతోనే రాస్తున్న.

ఇప్పుడు మే సగం అయిపోయింది. నిరుడు క్యాంపు జరిగిన హాస్టల్‌కు తాళం ఉన్నది. ఫిబ్రవరిల దరఖాస్తు పెట్టుకున్నం, అప్పుడు ఫైలు పైకి పోయిందన్నరు, మార్చిల పరీక్షలు అయినంక చూద్దామన్నరు, ఏప్రిల్‌ల హాస్టల్ రిపేర్లున్నయి అన్నరు. రిపేరోళ్ళు ఇంతవరకు రాలే సార్. సిమెంటు బస్తా దిగలే, సున్నం డబ్బా దిగలే. ఖాళీ బిల్డింగు, ఫ్యాన్లున్నయి, బోరున్నది, ఆడపిల్లలకు బాత్రూములున్నయి, అవి వేరే ఏడ లేకనే కదా మేము ఆ బిల్డింగు అడిగేది. నలభైమూడు, నలభైనాలుగు డిగ్రీల ఎండల పిల్లల్ని చెట్టు కింద కూసోబెట్టి ఎవరికన్న వడదెబ్బ తాకితే తల్లిదండ్రులకు ఏం జవాబు చెప్తం?

రిపేర్లు అసలు కారణం కాదని అందరికీ తెలుసు. అసలు కారణం నిరుడు పిల్లలు చేసిన మట్టి మ్యాపు. ఆ ముచ్చట మీదాక ఎట్ల చేరిందో, చేరలేదో నాకు తెల్వదు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మా క్యాంపుల బొమ్మలు, పాటలు, రంగులు అన్నీ ఊర్ల దొరికే వాటితోనే. నిరుడు పిల్లలు చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, పిసికి, హాస్టల్ వరండాల రెండు ఊర్ల మ్యాపు చేసిన్రు. పై ఊరి చెరువు, కింది ఊరి చెరువు, కట్ట, తూము, అలుగు అన్నీ. పొలాలకు పసుపు చల్లిన్రు, బాటలకు బూడిద పోసిన్రు, చెట్లకు యాపకొమ్మలు గుచ్చిన్రు. ఈ రెండు ఊర్ల పెద్దమనుషులకు నీళ్ళ కాడ ఏండ్ల సంది మాటల్లేవు, కేసులు కూడ అయినయి. పై ఊరోళ్ళు నీళ్ళు ఆపుకుంటున్నరని కింది ఊరోళ్ళ కోపం. అందుకే మొదటి రెండు రోజులు పిల్లలు కూడ అన్నం తినేటప్పుడు వేరే వేరే గోడలకు కూసున్నరు. ఊరికే మీటింగు పెట్టి శాంతి, స్నేహం అని చెప్తే పిల్లలు వినరు సార్, అందుకే రెండు ఊర్ల పిల్లల చేతులు ఒక్క మట్టిల పెట్టించినం.

మ్యాపు ఆరినంక చెరువు నీళ్ళు చూసుకునే పాత నీరటి తాతను పిలుచుకొచ్చినం. ఆయన కర్ర పట్టుకొని, పై చెరువు అలుగు నీళ్ళు కింది చెరువుకు పోయే పాటు కాల్వ ఎటు నుంచి ఎటు పోతుండెనో గీసి చూపించిండు, పిల్లలు ఆ గీత వెంబడి వేలుతోని కాల్వ తీసిన్రు. ఇప్పుడు ఆ కాల్వ మీద ప్లాట్లు పడ్డ కాడ సుద్దముక్కలు పెట్టిన్రు. ఒక పిల్ల చెంబుతోని పై చెరువుల నీళ్ళు పోసింది. నీళ్ళు నిండి, అలుగు దుంకి, కాల్వల పడి సుద్దముక్కల దాక వచ్చి ఆగినయి, ఆగి పక్కకు మర్లి, మట్టితో చేసిన వాడకట్టు ఇండ్ల మీదికి పోయినయి. పిల్లలు నోరు తెరిచి చూసిన్రు. కింది ఊరి పోరడు ఒకడు అన్నడు, అంటే మా నీళ్ళు ఆపేది పై ఊరోళ్ళు కాదా అని. ఆ మధ్యాహ్నం సంది గోడలు మారినయి, అందరు కలిసి కూసున్నరు. ఇంటికి పోయి ఇండ్లల్ల చెప్పిన్రు. మా క్యాంపుల శాంతి పాఠం అంటే ఇదే సార్, వేరే పుస్తకం లేదు మా దగ్గర.

తర్వాత పిల్లలే కాగితం రాసుకున్నరు. పూడ్చిన పాటు కాల్వ తీయించండి, చెరువు నిండితే నీళ్ళు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్ళు పెట్టించండి అని రెండే మాటలు. రెండు ఊర్ల పిల్లలు సంతకాలు పెట్టి, అట్టముక్కల మీద చేపలు, కొంగలు గీసుకొని, పాట పాడుకుంట పోయి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిల ఇచ్చిన్రు. బండ్లు ఆపలే, ఎవ్వరిని తిట్టలే. వెనుకంగ ఫోన్లు మొదలైనయి. పిల్లలతోని రాజకీయం చేయిస్తున్నరు, ఎవరి పైసలు వస్తున్నయి, ఎవరు నడిపిస్తున్నరు అని అడిగిన్రు. పైసలు ఏడికెల్లి వస్తయి సార్? బియ్యం ఇంటింటికి అడుక్కున్నం, కూరగాయలు రైతులిచ్చిన్రు, ఇద్దరు టీచర్లు జీతంల నుంచి నూనె, పప్పు కొన్నరు.

ఆ కాగితానికి ఇంతవరకు జవాబు లేదు. కాని ఈ ఏడు హాస్టల్ కావాలంటే మేము రాసియ్యాలట. నీళ్ళు, భూములు, గనుల ముచ్చట క్యాంపుల తీయం, పిల్లలతోని దరఖాస్తులు రాయించం, నడిపించం, డ్రాయింగు, డ్యాన్సు మాత్రమే నేర్పిస్తం అని సంతకం పెట్టాలట. ఒక ఆఫీసుల ఈ మాట నోటితోనే చెప్పిన్రు, కాగితం మీద అడిగితే ఇయ్యలే. మేము సంతకం పెట్టలే. పెట్టం కూడ.

ఎందుకు పెట్టమో జర వినండి. మేము నేర్పే బొమ్మను, పాటను మట్టికెల్లి, నీళ్ళకెల్లి వేరు చేసుడు ఎవ్వరి తోటీ కాదు. కిన్నెరనే తీసుకోండి, మన నాగర్‌కర్నూల్ జిల్లా మొగిలయ్య గారికి 2022ల పద్మశ్రీ వచ్చింది కదా, ఆ పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం. వెదురు కావాలె, ఎండిన సొరకాయ బుర్రలు కావాలె, తేనెమైనం కావాలె. పిల్లలు కిన్నెర చేద్దామంటే ముందుగాల అడిగేది వెదురు ఏడ దొరుకుతది, మైనం ఏడ దొరుకుతది అని. నల్లమల అడవి అంటం. ఇంక నల్లమల గురించి అడగరా? అడిగినంక యురేనియం మాట రాకుండ ఎట్ల ఉంటది? మా నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు కాడ యురేనియం గనులంటే 2003ల ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మా పెద్దలు వద్దే వద్దన్నరు. 2019 సెప్టెంబర్‌ల నల్లమలల యురేనియం తవ్వొద్దని అసెంబ్లీనే తీర్మానం చేసింది. అసెంబ్లీల పెద్దలు చెప్పిన మాట పిల్ల రంగులల్ల గీస్తే తప్పెట్లయితది సార్?

రంగుల ముచ్చట కూడ అట్లనే. హోలీ టైముల పిల్లలు మోదుగు పూలు ఏరి, దాబా మీద ఎండబెట్టి, సంచులల్ల కట్టి దాస్తరు. మే నెలల అవి ఉడకబెడతం. బట్టను ముందు పటిక నీళ్ళల్ల నానబెడితేనే రంగు పట్టుకుంటది. పటిక చేతిల పట్టుకొని ఒక తండా పిల్ల అడిగింది, మా నాయనమ్మ బిందెల వేస్తుండేనట కదా, గిదేనా అని. గదే బిడ్డా. నీళ్ళల్ల ఫ్లోరిన్ పోగొట్టడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి పర్యావరణం మీద పరిశోధన చేసే నీరి సంస్థోళ్ళు కనిపెట్టిన్రు, దానికి పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు ఆ లెక్కన దేశదేశాలు పోయింది. మర్రిగూడ, నాంపల్లి మండలాల దిక్కు ఆ ఫ్లోరిన్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నరు, ఆ పిల్ల నాయనమ్మ కూడ వంగే నడుస్తది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తున్నయి, మంచిదే, కాని ఈ పిల్లకు తన నాయనమ్మ నడుము ఎందుకు వంగిందో చెప్పొద్దని నేను సంతకం పెట్టాల్నా? రంగు నేర్పి నీళ్ళ ముచ్చట దాచిపెట్టాల్నా?

హైదరాబాద్‌ల చెరువులు కాపాడాలని 2024ల హైడ్రా అనే సంస్థ పెట్టిన్రు. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ (చెరువు చుట్టూ కట్టడాలు వద్దనే జాగ) అనే మాటలు మా పిల్లలు టీవీల విని నేర్చుకున్నవే. పట్నంల గవర్నమెంటు చేసే పనిని పల్లెల పిల్లలు దరఖాస్తు పెట్టి అడిగితే హాస్టల్‌కు తాళం ఎందుకు పడాలె?

బస్సు గురించి కూడ చెప్పాలె. పోచంపల్లికి తోలుకపోతమని పిల్లలకు చెప్పినం, మీ మాట మీదనే చెప్పినం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి భూమి లేనోళ్ళ కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తనని లేచి నిలబడ్డ ఊరు. భూమి కోసం నెత్తురు పారిన జిల్లాలనే భూమి దానమిచ్చే ముచ్చట కూడ పుట్టిందని పిల్లలు ఆ గడ్డ మీద నిలబడి వినాలని మా ఆశ, మగ్గాలు కూడ చూస్తరు. పిల్లలు అడుగుతున్నరు, బస్సు ఎప్పుడని. బస్సు లేదు. బస్సు సంగతి ఎవరిని అడగాల్నో కూడ చెప్పేటోళ్ళు లేరు.

క్యాంపు లేకపోతే ఈ పిల్లలు ఏం చేస్తున్నరో మీకు తెలియాలె. చాలామంది తల్లిదండ్రులు పనికి పట్నం పోయిన్రు. కొందరు పిల్లల్ని ఎంబడి తీసుకపోయిన్రు, అక్కడ ఇటుకలు మోస్తున్నరు. ఊర్ల ఉన్నోళ్ళు క్వారీ గుంతలల్ల ఈతకు పోతున్నరు, ఆ లోతు మనం చెప్పలేము, ప్రతి ఎండాకాలం ఏదో ఒక ఊర్ల పిల్లలు మునిగి పోయిన వార్త చదువుతనే ఉన్నం. నిరుడు చెంబుతోని నీళ్ళు పోసిన పిల్లకు ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు, పదో తరగతి కూడ కాలే. క్యాంపు ఉంటే ఆ నెల రోజులు ఆమె మా నడుమ ఉండేది, వాళ్ళమ్మతోని మాట్లాడేటోళ్ళం. ఇప్పుడు కూడ పోయి మాట్లాడుతున్నం, కాని ఇంటికి పోయి అడుగుడు వేరు, పిల్లను పది మందిల చూసి తల్లి తనంతట తాను ఆగుడు వేరు.

సార్, మేము ఎవ్వరి మీద పగతోని రాస్తలేము. మీరు నిరుడు ఇచ్చిన మాటనే అడుగుతున్నం. హాస్టల్ తాళం చెవి వాచ్‌మన్ దగ్గర్నే ఉన్నది, ఒక్క ఫోన్ చేయించండి. జూన్ 12న బడులు తెరుస్తరు, ఉన్న రోజులల్ల పది రోజులన్న ఇప్పించండి. భోజనం మేమే తిప్పలు పడతం, ఒక ఏఎన్‌ఎమ్‌ను, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లను పంపియ్యండి చాలు. బస్సు ఇస్తే సంతోషం. సంతకం షరతు మాత్రం తీసెయ్యండి, అది ఉన్నంత కాలం బిల్డింగు ఇచ్చినా మాకు ఉపయోగం లేదు. పిల్లలు ఇచ్చిన కాగితానికి కూడ జవాబు ఇప్పించండి సార్, పాటు కాల్వ తీస్తరా, తీయరా, ఎప్పుడు తీస్తరు.

పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఒప్పుకోలు కాగితాలు మా దగ్గర తయారున్నయి. ఇయ్యమంటే ఈ రోజే ఇస్తం. ఇయ్యలేమంటే, ఎందుకు ఇయ్యలేరో కాగితం మీద రాసి పంపియ్యండి, రెండు ఊర్ల పిల్లల్ని కూసోబెట్టి చదివి వినిపిస్తం.

ఇట్లు,
క్యాంపు వలంటీర్లు, తల్లిదండ్రుల తరఫున,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా