కుర్చీ ఇచ్చారు, మెత్త మరిచారు

సంపాదకులకు నమస్కారం.

చక్రాల కుర్చీల పంపిణీ ఫొటోలు మీ పత్రికలో తరచుగా వస్తుంటాయి. అందరూ నాయకులను, దండలను చూస్తారు. నా కళ్లు మాత్రం కుర్చీ సీటు మీదికి పోతాయి. చాలావాటిలో నల్ల రెక్సిన్ ఒక్కటే కనిపిస్తుంది, దాని మీద కూర్చునే మెత్త ఉండదు.

పదకొండేళ్ల కిందట తాటిచెట్టు మీది నుంచి పడి నా వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాను. రోజుకు పది గంటలు కుర్చీలోనే. ఒక శిబిరంలో ఇచ్చిన కుర్చీ ఏడాదికల్లా ఉయ్యాలలా సాగింది. తొడలు దగ్గరికి వచ్చి, నడుము ఒక పక్కకు ఒరిగేది. మా అమ్మ బూరుగుదూది దిండు వేసింది. అది అణిగిపోయాక, మందుల దుకాణంలో నడుమ రంధ్రమున్న గాలి రింగు కొన్నాం. మెత్తగా ఉంది కదా అనుకున్నాం. ఆ రింగు చుట్టూరా ఒత్తి రక్తప్రసారాన్ని అడ్డుకుంటుందని మాకేం తెలుసు! పిరుదు ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ పడింది. నొప్పి తెలియదు కాబట్టి నేను చూసుకోలేదు. మచ్చ పుండై లోపలికి పోయింది. ఆరు నెలలు బోర్లా పడుకున్నాను, కొట్టు మూతపడింది. చెట్టు మీది నుంచి పడ్డప్పుడు కూడా అంత ఏడవలేదు.

పుండు మానాక వేలూరు సీఎంసీ ఆసుపత్రి పునరావాస కేంద్రానికి వెళ్లాను. 1966లో దాన్ని ప్రారంభించిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి, ఆ తరువాత చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారట. కూర్చున్నవారి బాధ తెలిసిన చోటు అది. మెత్తను చేత్తో పరీక్షించడం అక్కడే నేర్చుకున్నాను. గాలి నింపే మెత్తయితే, కూర్చున్నాక కిందికి చెయ్యి పోనిచ్చి, పిరుదు ఎముకకూ మెత్త అడుగుకూ మధ్య కనీసం వేలి మందం గాలి ఉందో లేదో చూడాలి. గాలి తక్కువైతే ఎముక అడుగును తాకుతుంది. ఎక్కువైతే మెత్త బండరాయిలా బిగుసుకుని మనిషిని నిలవనివ్వదు. ఫోమ్ మెత్తయినా చేతికి అడుగు తగులుతోందంటే దాని పని అయిపోయినట్టే. మెత్త ఎత్తు మారితే పాదాల పలక కూడా మార్చాలి. పలక మరీ పైకి ఉంటే మోకాళ్లు లేచి బరువంతా పిరుదుల మీదే పడుతుంది. మూత్రం కారుతుందని పాలిథిన్ కవరు చుట్టేవారున్నారు. చెమటకు చర్మం నానిపోతుంది, ఆ పని చేయవద్దు.

మంచి మెత్త ఉన్నా కదలకుండా కూర్చోకూడదు. బేరం వచ్చినా రాకపోయినా పావుగంటకోసారి ముందుకు వంగుతాను. రాత్రి అద్దంలో చర్మం చూసుకుంటాను.

నా విన్నపం ఒక్కటే. శిబిరంలో కుర్చీతోపాటు మెత్త కూడా ఇవ్వాలి. ఫిజియోథెరపిస్టు తుంటి వెడల్పు కొలిచి, మనిషిని కూర్చోబెట్టి, కింద చెయ్యి పెట్టి చూసిన తరువాతే ఫొటో తీయాలి.

పోయిన వారం పక్క ఊరి కుర్రవాడు కొత్త కుర్చీ వచ్చిందని ఫోన్ చేశాడు. అడుగున ఏమి వేశారని అడిగాను. "పాత దుప్పటి మడతపెట్టి వేశాం అన్నా" అన్నాడు. నా దగ్గర అదనంగా ఉన్న ఫోమ్ మెత్తను బస్సులో పంపాను. అది అతని కొలతకు సరిపోదు.

— ఒక గీత కార్మికుడు, జనగామ జిల్లా