కేసు నెగ్గినాం గదా, మరి డబ్బులేవి?

సంపాదకుడు గారికి,

లా చదువుతున్న మా అన్నయ్య కూతురు మొన్న విజయనగరం వచ్చింది. "నేను లేబర్ కేసులే చేస్తాను బాబాయ్, కంపెనీ లా పాస్ మార్కులతో గట్టెక్కితే చాలు, అది హైదరాబాద్, బొంబాయి వాళ్ల గొడవ" అంది. మన దగ్గర చాలామంది పిల్లలు ఇదే మాట అంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

మా వీధిలో ఒకాయన పనిచేసిన ఫ్యాక్టరీ (పేరెందుకు లెండి) మూతపడింది. బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగి లేబర్ కోర్టులో నెగ్గారు, అవార్డు (అంటే తీర్పు) కాపీ లామినేషన్ చేయించి బీరువాలో దాచుకున్నారు. ఈలోగా బ్యాంకు ఆ కంపెనీ మీద దివాలా కేసు వేసింది, కంపెనీల కేసులు చూసే ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ దాన్ని అడ్మిట్ చేసింది. అడ్మిట్ అయితే మారటోరియం, అంటే చేతిలో ఏ కోర్టు ఆర్డరున్నా కంపెనీ మీద వసూలు ఆగిపోతుంది. కార్మికుడు ఫారం డి నింపి 14 రోజుల్లో క్లెయిమ్ పెట్టుకోవాలి, ఆలస్యమైతే అదో పెద్ద తిరుగుడు. క్లెయిములు పెట్టుకోమనే ప్రకటన పేపర్లో టెండర్ నోటీసుల పక్కన చిన్న అక్షరాల్లో వచ్చింది. ఈయన చూడలేదు, ఈయన వకీలూ చూడలేదు. "కేసు నెగ్గినాం గదా బావూ, మరి డబ్బులేవి?" అని నన్నడిగితే ఏం చెప్పాలో తెలియలేదు, నేనూ నల్లకోటు వేసుకునేవాణ్ణే.

ఆయన కాగితాలు తీసి చూస్తే జీతం స్లిప్ మీద ఒక కంపెనీ పేరు, గేటు బోర్డు మీద ఇంకోటి, పీఎఫ్ కాగితంలో మూడోది. ఇందులో యజమాని ఎవరు? కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే డైరెక్టర్లెవరో, ఆస్తి ఎక్కడ తాకట్టులో ఉందో కనిపిస్తుంది. పది నిమిషాల పని, కేసు వేసే ముందు చేయాల్సింది.

ఇంకో సంగతి. 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం కంపెనీని లిక్విడేట్ చేస్తే, అంటే ఆస్తులమ్మి మూసేస్తే, దివాలా ప్రక్రియ ఖర్చులు పోను కార్మికుల 24 నెలల బకాయిలు తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమాన వరసలో ఉంటాయి. వర్క్‌మన్ (చట్టం లెక్కలో కార్మికుడు) కాని ఉద్యోగికి 12 నెలలే, అదీ ఆ తర్వాతి వరసలో. అంటే సూపర్‌వైజర్ అని రాసి ఉన్న మనిషి నిజంగా వర్క్‌మనేనా అన్న మన పాత లేబర్ లా ప్రశ్న మీదే అక్కడ డబ్బు ఆధారపడుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్ల సొమ్మయితే అసలు పంచే ఆస్తిలోకే రాదని 36వ సెక్షన్ చెబుతుంది, అది అడిగేవాడుండాలి.

ఈ చట్టం కార్మికుడి చేతిలో ఆయుధం కూడా. కాన్పూర్‌లోని జేకే జూట్ మిల్లు కేసులో 2019లో సుప్రీంకోర్టు, సభ్యుల బకాయిల కోసం యూనియనే దివాలా పిటిషన్ వేయొచ్చని చెప్పింది. బకాయి కనీసం కోటి రూపాయలుండాలని 2020లో పరిమితి పెంచారు కాబట్టి ఒక్కడి వల్ల కాదు, అందరి లెక్కలూ కలపాలి. లాకౌట్ నోటీసులు చూస్తూ పెరిగిన జూట్ మిల్లుల జిల్లా మనది, ఈ తీర్పు మా బార్ అసోసియేషన్‌లో ఎంతమంది చదివారో అడగాలంటే నాకే మొహమాటం.

2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి కదా, కాలేజీల్లో అందరూ వాటి మీదే పడ్డారు, పడాల్సిందే. కానీ ఇంటర్న్‌షిప్‌కి పిల్లల్ని లేబర్ కోర్టుకి పంపినట్టే ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌కీ ఒక వారం పంపండి.

మీకూ ఒక మనవి. మన జిల్లా ఫ్యాక్టరీల దివాలా ప్రకటన ఏదైనా వస్తే, దాన్ని జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తగా, గడువు తేదీతో సహా వేయండి.

ఒక న్యాయవాది,
విజయనగరం