చేతిలా కనిపిస్తే చాలా?

ఎడిటర్ గారికి,

కృత్రిమ అవయవాల శిబిరం జరిగిందంటే పేపర్లో ఫొటో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. దాతలు, శాలువాలు, మధ్యలో లేత గులాబీ రంగు చెయ్యి తొడుక్కుని కూర్చున్న చామనఛాయ మనిషి. ఆ రంగు ఎవరి ఒంటిదో నాకైతే అర్థం కాదు.

మా బావగారికి చెరుకు మిషన్లో కుడిచెయ్యి పోయింది. శిబిరంలో ఇచ్చిన చేతికి గోళ్లున్నాయి, నరాలు కూడా ఉబ్బెత్తుగా తీర్చారు, దూరం నుంచి చూస్తే ఎవరూ పోల్చలేరు. చిక్కల్లా దగ్గరికొచ్చాకే. ఒక పెళ్లిలో ఎవరో షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, చల్లటి రబ్బరు తగలగానే గబుక్కున చెయ్యి లాగేసుకున్నాడు. పిల్లలైతే సరేసరి. పైగా పసుపు మరక పడితే ఎంత తోమినా వదలదు. ఇప్పుడది బీరువా మీద ఉంది, ఆయన ఎడమచేత్తోనే అన్నీ చక్కబెట్టుకుంటున్నారు.

జపాన్‌లో రోబోల ప్రొఫెసర్ మసాహిరో మోరి 1970లోనే దీని గురించి రాశారు. బొమ్మ మనిషి పోలికకు దగ్గరయ్యేకొద్దీ మనకు నచ్చుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించే చోట హఠాత్తుగా ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు ‘అన్‌కానీ వ్యాలీ’ అంటున్నది అదే. ఆయన చెప్పిన ఉదాహరణల్లో పెట్టుడు చెయ్యి కూడా ఉంది: చూస్తే నిజమే, పట్టుకుంటే చల్లగా, ఎముక లేనట్టు. అచ్చం మనిషిలా చెయ్యాలని పాకులాడొద్దన్నారు. కళ్లజోడు కంటిలా ఉంటుందా, అయినా ముఖానికి బాగానే ఉంటుంది కదా అని.

అలాగని జైపూర్ కాలికి నేను వంక పెట్టడం లేదు. 1960ల చివర్లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన ఆ రబ్బరు పాదానికి వేళ్లున్నాయంటే, చెప్పుల్లేకుండా గుడికెళ్లేవాళ్లకు, పొలం బురదలో దిగేవాళ్లకు, నేల మీద మఠం వేసుకుని కూర్చునేవాళ్లకు బూటులో దాచే పాదం పనికిరాలేదు కాబట్టి. అది కాలిలా కనిపిస్తుంది, నడిపిస్తుంది కూడా. మా బావగారి చెయ్యి కనీసం గ్లాసు కూడా పట్టదు.

పెళ్లిచూపులకు వెళ్లే కుర్రాడు అచ్చం చేతిలా ఉండేదే కావాలంటే, అదీ న్యాయమే, ఇవ్వండి, కాకపోతే అతని ఒంటి రంగులో. పనికి వెళ్లేవాడు కొక్కెం చాలంటే కొక్కెమే ఇవ్వండి. బ్రిటన్‌లో ఓపెన్ బయోనిక్స్ అనే కంపెనీ పిల్లలకు సూపర్‌హీరో బొమ్మల రంగులతో చేతులు చేస్తోంది, దాచుకోవడం మాట అటుంచి పిల్లలే చూపించుకోవచ్చు. మన నిర్వాహకులు కొలతలు తీసుకునే ముందు నాలుగు రకాలూ బల్ల మీద పెట్టి, ఏది కావాలో ఆ మనిషినే అడగాలి, ఆరు నెలలకు నచ్చకపోతే మార్చి ఇవ్వాలి.

— ఒక పాఠకుడు, తెనాలి